మరీ పాసైన కుక్క

కొత్తలంకలో మేదరవీధి కుక్కకి ఇల్లంటూ ఒకటి లేదు. నాలుగున్నాయి.

పొద్దున్నే నూకరత్నం ఇడ్లీబండి దగ్గర విరిగిన ఇడ్లీలు తింటుంది. మధ్యాహ్నం వీరభద్రం మాస్టారింట్లో పెరుగన్నం. ఎండ దిగేదాకా మస్తాన్ టైలరు అరుగు మీద, కుట్టుమిషను చప్పుడు జోలపాటగా నిద్ర. సాయంత్రం సూరాయమ్మ ఇంట్లో చేపలపులుసు ముద్ద. నూకరత్నం దాన్ని బుజ్జోడంటుంది, మాస్టారు అర్జునా అంటారు, మస్తాన్ టైగరంటాడు, సూరాయమ్మ సింగడంటుంది. ఏ పేరుతో పిలిచినా తోకాడించుకుంటూ పోతుంది. ఇది ఎవరి కుక్క అని ఆ వీధిలో ఎవరూ ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

సూరాయమ్మ మనవరాలు అనంతలక్ష్మి పదో తరగతి చదువుతోంది. బళ్ళో హాజరు పిలిచినప్పుడు పలకడానికి కూడా ఆ పిల్లకి గొంతు పెగలదు. చెయ్యెత్తుతుంది. పక్కనున్న పిల్ల అనంతం తరఫున "వచ్చింది సార్" అంటుంది. అమ్మా నాన్నా రొయ్యల చెరువుల పనికి వెళ్ళిపోతే ఇంట్లో ఉండేది నాయనమ్మ, కుక్క. ఆ ఇద్దరితో మాత్రం అనంతం బాగానే మాట్లాడుతుంది. కుక్కతో కాస్త ఎక్కువ.

ఇలా ఉండగా జిల్లాలో ఎక్కడో ఒక పెద్దాఫీసరు గారి ప్యాంటు అంచుని ఎవరిదో పెంపుడు కుక్క పట్టుకుని వదల్లేదట. ప్యాంటు పోయింది గానీ ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. వారం తిరక్కుండా ఆ ఆలోచన ఉత్తర్వైంది. మంగళవారం పొద్దున మైకు కట్టిన ఆటో ఒకటి వీధిలోకొచ్చి ఆగింది.

"గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా! శునకము కలిగిన ప్రతి గృహస్థుడును తన శునకమును సచివాలయము నందు నమోదు చేయించి, పదికి తగ్గని నియమములతో గృహ నియమావళిని రూపొందించి, సదరు నియమములను సదరు శునకమునకు బోధించి, పదిహేను దినములలో పరీక్షకు సిద్ధపరచవలెను. ఉత్తీర్ణత పొందిన శునకము గృహమునందే ఉండును. ఉత్తీర్ణత పొందని శునకములును, యజమాని లేని శునకములును జిల్లా శునక సంస్కార కేంద్రమునకు శాశ్వతముగా తరలించబడును."

శాశ్వతముగా అన్న మాట దగ్గర అనంతం చేతిలోని చీపురు ఆగిపోయింది. కుక్క మాత్రం ఆటో చక్రం వాసన చూసి, దాని మీద తన అభిప్రాయం తడిగా తెలియజేసి వెళ్ళిపోయింది.

ఇక్కడే మేదరవీధి వాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు ఒకటి జరిగింది. కుక్కకి యజమాని కావాలి. సరే. కానీ "ఇది నా కుక్క" అని పదిమందిలో ఎలా అంటాం? మిగతా మూడిళ్ళ వాళ్ళు ఏమనుకుంటారు? పోనీ వాళ్ళు రాయిస్తారులే అని ఊరుకుంటే, వాళ్ళూ అలాగే ఊరుకుంటే? ఈ మొహమాటంతో నూకరత్నం బండి కట్టేశాక చెంగు కప్పుకుని సచివాలయానికి వెళ్ళి బుజ్జోణ్ణి రాయించింది. మాస్టారు గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళి అర్జునుణ్ణి రాయించారు. మస్తాన్ బొత్తాలు కొనే వంకన వెళ్ళి టైగర్ని రాయించాడు. సూరాయమ్మ మోకాళ్ళు పట్టుకుని తనే దేకుతూ పోయి సింగణ్ణి రాయించింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మేదరవీధి కుక్క ఒక్క పూటలో నాలుగు కుక్కలైంది.

ఆ సంగతి మొదట తెలిసింది అనంతానికే. ఆ పిల్ల దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని నియమావళి రాయించుకోడానికి ఒకరి తర్వాత ఒకరు వాళ్ళింటికే వచ్చారు.

ముందు నాయనమ్మది మొదలెట్టింది.

"పది నియమాలు చెప్పు నాయనమ్మా."

"ఈ ఇంట్లో మనుషులకే లేవు గదే. మీ నాన్న మంచం మీద కూచుని అన్నం తింటాడు, మీ అమ్మ తలుపు వెయ్యడం మరిచిపోతుంది. కుక్కకి పదా?"

"పది లేకపోతే తీసుకోరంట."

"అయితే రాయి. కొత్తవాళ్ళొస్తే మొరగాలి. రెండు, తులసికోట దగ్గర కాలెత్తకూడదు. మూడు, పిల్లి జోలికి పోకూడదు. నాలుగు, పిల్లే వాడి జోలికొస్తే ఏం చెయ్యాలో వాడి ఇష్టం." ఏడు దాకా లాక్కొచ్చి సూరాయమ్మ ఆయాసపడింది. "ఎనిమిది, నాకు మోకాళ్ళ నొప్పులుగా ఉన్నప్పుడు పక్కన పడుకోవాలి. తొమ్మిది, నొప్పుల్లేనప్పుడూ పడుకోవాలి."

"పదోది?"

"పదోది వాణ్ణే అడగవే. అన్నీ నేనే చెప్పాలా?"

తర్వాత నూకరత్నం వచ్చింది. బండికి మూడు బారల దూరంలో కూచోవాలి, కాకుల్ని తరమాలి, చట్నీ అడక్కూడదు. మస్తాన్ వచ్చాడు. కత్తిరించిన గుడ్డ మీద పడుకోకూడదు, కస్టమర్ని చూసి కోరలు చూపించకూడదు. మాస్టారు వచ్చారు. కొత్తవారిని చూచి మొరగరాదు, పత్రిక చదువునప్పుడు నిశ్శబ్దము పాటించవలెను. నలుగురూ ఇచ్చిన నాలుగు ఫొటోలు అంటించి, వరసగా పెట్టి చూసుకుంది అనంతం. నాలుగు ఫొటోల్లోనూ ఎడమ చెవి ఒకేచోట చిరిగి ఉంది.

ఆ సాయంత్రమే మస్తాన్ అరుగు మీద నలుగురూ కూడారు. మధ్యలో కుక్క, ఇది తన గురించి కానట్టు ఈగల్ని పట్టుకుంటూ కూచుంది.

"మీరూ రాయించారా మాస్టారూ?" అంది నూకరత్నం.

"నువ్వు రాయిస్తావో లేదోనని..."

"నేను మస్తాన్ రాయిస్తాడో లేదోనని."

"నేనెవరూ రాయించరేమోనని," అన్నాడు మస్తాన్ తలొంచుకుని. "మామ్మగారూ, మీరైనా చెప్పకూడదా?"

"బావుంది! చెబితే మా కుక్కని లాక్కుందీ ముసల్దని మీరనుకోరూ?"

మూడు పేర్లు కొట్టించేద్దామని మర్నాడు అందరూ సచివాలయానికి వెళ్ళారు. వెనకాల అనంతం. అక్కడ గృహశునక సత్ప్రవర్తనాధికారి పరాంకుశం గారు కూర్చుని ఉన్నారు. ఆయన జన్మలో కుక్కని ముట్టుకోలేదు. అంచేత నిష్పక్షపాతంగా ఉంటారని ఆ ఉద్యోగం ఆయనకిచ్చారు.

"ఏవండీ, పొరపాట్న ఒక కుక్క రెండుసార్లు నమోదైపోయిందనుకోండి," అన్నాడు మస్తాన్, గడ్డం గోక్కుంటూ. "అలాంటప్పుడు..."

"అట్లు జరుగనేరదు. నమోదైనచో అది కుక్కయే. తొలగింపునకు మరణ ధ్రువపత్రము కావలెను. మరణ ధ్రువపత్రమునకు శవపరీక్ష నివేదిక కావలెను. శవపరీక్షకు శవము కావలెను."

"అంటే కుక్క చచ్చిపోవాలాండీ?"

"చావవలెనని నిబంధన లేదు. శవము ఉన్న చాలును."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఒకే కుక్కని నలుగురు మాదంటేనో?"

"అది వివాదాస్పద శునకము. వివాదము తేలువరకు సంస్కార కేంద్రమున ఉంచబడును. గతమున ఒక మేక వివాదము తొమ్మిదేళ్ళు నడచినది. తీర్పు నాటికి మేక లేదు. వివాదము మాత్రము ఆరోగ్యముగా ఉన్నది." ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "తమకేమైనా వివాదము ఉన్నదా?"

"అబ్బే! మాకేం వివాదమండీ! ఆయ్, వెళ్ళొస్తామండీ," అంటూ నలుగురూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగారు.

ఇక చేసేదేముంది? కుక్కే నాలుగు కుక్కలు కావాలి. నాలుగు నియమావళులు నేర్వాలి. మొత్తం నలభై నియమాలు. సూరాయమ్మ ఇంట్లో కొత్తవాళ్ళని చూసి మొరగాలి, మాస్టారింట్లో మొరక్కూడదు. రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ.

పైగా ఆజ్ఞలు ఇష్టమొచ్చినట్టు ఇవ్వకూడదట. ఉత్తర్వు చివర్న జాబితా ఉంది. కూచోమనాలంటే "శునకమా, ఆసీన స్థితిని పొందుము" అనాలి. మొరగడం ఆపమనాలంటే "ధ్వని విసర్జన నిలుపుదల చేయుము" అనాలి. తినమనాలంటే "అనుమతించడమైనది" అనాలి. సూరాయమ్మ ఊపిరి బిగబట్టి మొదటిది పూర్తి చేసేసరికి కుక్క కూచుని, లేచి, వీధి చివరికి వెళ్ళి తిరిగొచ్చింది.

"నా వల్ల కాదమ్మలూ. నలభై ఏళ్ళు కాపరం చేసి మీ తాతనే కూచోబెట్టలేకపోయాను."

అనంతం ఒక ఆదివారమంతా పుస్తకం చేతపట్టుకుని కుక్క వెంట తిరిగింది, ఏ నియమం రాదో గుర్తు పెట్టుకుందామని. పొద్దున ఇడ్లీబండికి దూరంగా కూచుంది కుక్క. అక్కణ్ణించి కదల్లేదు, కాకుల్ని తరమడానికి తప్ప. మాస్టారు పేపరు విప్పగానే ముట్టె కాళ్ళ మధ్య దూర్చుకుంది. టైలరు అరుగెక్కేటప్పుడు గుడ్డముక్కల మధ్య అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. సాయంత్రం తమ గుమ్మంలోకి గ్యాసు బండతను రాగానే వీధి అదిరిపోయేలా మొరిగింది. అదే మనిషి ఆ ముందు నిమిషం మాస్టారింటికి వెళ్తే తోక మాత్రం ఊపింది. నలభై నియమాల్లో దానికి రానిది ఒక్కటీ లేదు. ఎవరూ నేర్పినట్టు లేదు. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిదని తిండి తిన్నన్నాళ్ళూ చూసి నేర్చుకుంది. పుస్తకంలో రాయడానికి ఏమీ లేక అనంతం ఇంటికొచ్చేసింది.

పరీక్షరోజు పరాంకుశం గారు కొలతల టేపు, నాలుగు ఫైళ్ళు, కుక్కల వ్యాను, దాని డ్రైవరుతో దిగారు. మస్తాన్ నాలుగు రంగుల మెడపట్టీలు కుట్టిచ్చాడు. ఆఫీసరు గారు ఒకింట్లో కాఫీ తాగి సంతకాలు పెట్టేలోగా దొడ్డిదారిన కుక్కని పక్కింటికి చేర్చి పట్టీ మార్చడం అనంతం పని.

పసుప్పట్టీ బుజ్జోడు బండికి దూరంగా కూచున్నాడు. ఆయన టేపు పెట్టి కొలిచారు. "మూడు బారల రెండు అంగుళములు. నియమమునకు మించిన వినయము." తర్వాత ఆహార పరీక్ష. నాలుగిడ్లీలు ముందు పెట్టి, పదంకెలు లెక్కపెట్టి, "అనుమతించడమైనది" అన్నారు. కుక్క నూకరత్నం మొహం చూసింది. "తినరా నాన్నా," అని ఆవిడ గొంతులోనే గొణిగింది. తినేసింది. పాస్.

ఆకుపచ్చ పట్టీ టైగరు గుడ్డల మధ్య ముగ్గు తొక్కనట్టు నడిచి, పళ్ళెంలో రస్కులన్నీ తిని పాసయ్యాడు. నీలం పట్టీ అర్జునుడు పెరుగన్నం ముందు కూచున్నప్పుడు పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ శునకమును ఎచ్చటనో చూచినట్లున్నది."

గోడ వెనక అనంతం ఎర్రపట్టీని చున్నీ కింద దాచుకుంది.

"నాటు కుక్కండి," అన్నారు మాస్టారు నిబ్బరంగా. "అన్నిటికీ ఒకటే పోలిక."

"నిజమే. ప్రజలు కూడ నాకు అట్లే కనిపింతురు," అని ఆయన సంతకం పెట్టేశారు.

నాలుగోది సూరాయమ్మ ఇల్లు. ఎర్రపట్టీతో సింగడు వచ్చేసరికి వాడి పొట్ట డోలులా ఉంది. నియమావళిలో మొదటిది కొత్తవాళ్ళని చూసి మొరగాలి. కానీ పొద్దుట్నించీ మూడిళ్ళలో ఆయన్ని చూస్తూనే ఉన్నాడు కదా! మొరక్కపోగా వెళ్ళి ఆయన బూటు మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

అంతా అయిపోయిందనుకుంది అనంతం. తలుపు చాటున చున్నీ కొస నోట్లో కుక్కుకుంది.

పరాంకుశం గారు చాలాసేపు బూటు వంక చూసి, కలం తీశారు. "అపరిచితులను చూచి మొరగవలెను. నన్ను చూచి మొరగలేదు. ప్రభుత్వము ఎవరికిని అపరిచితము కాదని ఈ శునకము గ్రహించినది. ప్రత్యేక మార్కులు, నాలుగు."

ఆహార పరీక్ష. సూరాయమ్మ చేపలపులుసు కలిపిన ముద్ద పెట్టింది. పదంకెలు. "అనుమతించడమైనది." సింగడు ముద్ద వంక చూసి, త్రేన్చి, మొహం తిప్పుకున్నాడు. "అనుమతించడమైనది!" అన్నారాయన మళ్ళీ. కళ్ళు మూసుకున్నాడు.

పరాంకుశం గారు ఫైలు గుండెకి హత్తుకున్నారు. "అనుమతి లభించిన పిమ్మట కూడ స్వీకరింపని నిగ్రహము! ఇరువది ఆరేళ్ళ సర్వీసులో మా సిబ్బందియందు కూడ చూచి ఎరుగను." నూటికి నూటనాలుగు వేసి, అక్కడికక్కడే నలుగురి ఫలితాలూ పై ఆఫీసుకి వాట్సాప్‌లో పంపేశారు. క్షణంలో జవాబొచ్చింది. ఆయన లేచి నిలబడి చదివారు.

"అవ్వా, అభినందనలు. మీ శునకము జిల్లా ప్రథమ స్థానము పొందినది. ఆదర్శ శునకముగా సంస్కార కేంద్రమున ఇతర శునకములకు బోధించుటకు శాశ్వతముగా నియమింపబడినది. డ్రైవర్, బోను తెరువుము."

సూరాయమ్మకి అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. "అదేంటి బాబూ! పాసైతే ఇంట్లోనే ఉంటుందన్నారు గదా!"

"పాసైన ఉండును. ఇది మరీ పాసైనది."

"అయ్యో, నూటనాలుగులో ఓ డెబ్భై తీసేసుకోండి బాబూ! ఫెయిల్ చేసెయ్యండి!"

"ఫెయిలైనను కేంద్రమునకే."

మిగతా మూడిళ్ళ వాళ్ళూ పరిగెత్తుకొచ్చారు గానీ ఏమని చెప్పాలి? నిజం చెబితే వివాదాస్పద శునకం. చెప్పకపోతే ఆదర్శ శునకం. రెండింటికీ ఒకటే బోను. సూరాయమ్మ అరుగు మీద కూలబడింది. డ్రైవరు ఎర్రపట్టీ పట్టుకున్నాడు. కుక్క లేచి, ఎటు వెళ్ళాలో చెప్పమన్నట్టు అనంతం వైపు చూసింది.

అనంతం తలుపు చాటునుంచి బయటికొచ్చింది. పెదాలు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలాయి.

"ఒకటేనండి," అంది.

"ఏమనుచున్నావు పాపా?"

"నాలుగు కాదండి. ఒకటే కుక్కండి. పట్టీలు నేనే మార్చానండి." మొదలయ్యాక ఇంక ఆగలేదు. "పొద్దున ఇడ్లీలు తిన్నదీ ఇదేనండి. రస్కులు తిన్నదీ ఇదేనండి. అందుకే ఇక్కడ తినలేదండి, నిగ్రహం కాదండి. నాయనమ్మ తప్పేం లేదండి. తీసుకెళ్ళిపోకండి. దీన్ని తీసుకెళ్తే నాలుగిళ్ళలోనూ కుక్క ఉండదండి."

వీధి వీధంతా ఆ గొంతు విని నోరెళ్ళబెట్టింది. చాలామంది అది వినడం అదే మొదటిసారి.

పరాంకుశం గారు కుక్కని చూశారు. చిరిగిన చెవిని చూశారు. తర్వాత చేతిలోని నాలుగు ఫైళ్ళు చూశారు. వాటి మీద తొమ్మిదింటికొకటి, పదిన్నరకొకటి, పన్నెండుకొకటి, ఒంటిగంటకొకటి ఆయన సంతకాలే. ఆయన ఫైళ్ళు చప్పున మూసేశారు. అనంతాన్ని పక్కకి పిలిచి, గ్రాంథికం మరిచిపోయి, మామూలు మనిషిలా అడిగారు.

"నిజంగా ఒకటేనా అమ్మా?"

"ఒకటేనండి."

"ఈ వీధి బయట ఎవరికైనా చెప్పావా?"

"నేనసలు ఎవరితోనూ మాట్లాడనండి."

"చాలా మంచి అలవాటు." కాసేపు వేళ్ళతో ఏదో లెక్కేసుకున్నారు. కుక్క ఒకటంటే ఆయన ఉద్యోగం ఉండదు. నాలుగంటే ఒకదాన్ని బోనులో చూపించాలి. ఉన్న ఒక్కదాన్నీ ఎక్కిస్తే ఇళ్ళలో ఉండవలసిన మూడూ రేపెవరైనా తనిఖీకొస్తే దొరకవు. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, గ్రాంథికంలోకి తిరిగొచ్చారు.

"నీవేమియు చెప్పలేదు. నేనేమియు వినలేదు. మూడు శునకములు గృహములందున్నవి. నాలుగవది బోను ఎక్కవలెను. డ్రైవర్! ఎక్కించితివా?"

డ్రైవరు ఖాళీ బోను వైపు చూశాడు. ఆఫీసరు మొహం చూశాడు. అతనికీ ఇరవయ్యేళ్ళ సర్వీసుంది. ఎర్రపట్టీ వదిలేసి, బోను తలుపు జాగ్రత్తగా మూసి, గొళ్ళెం పెట్టి, లాగి చూసి, "ఎక్కిందండీ. బుద్ధిగా కూచుందండీ," అన్నాడు.

"మెల్లగా నడుపుము. లోపల ప్రథమ స్థానమున్నది."

వ్యాను కదిలింది. అనంతం మెడపట్టీ విప్పీ విప్పగానే కుక్క వీధి చివరిదాకా దాని వెంటపడి మొరిగింది. పరాంకుశం గారు కిటికీ అద్దం పైకెత్తుకున్నారు.

మూణ్ణెల్ల తర్వాత జిల్లా నుంచి సూరాయమ్మ పేర ఉత్తరం వచ్చింది. అక్కడ బోను తెరిచినవాళ్ళు కూడా ఉద్యోగస్థులే. దార్లో కుక్క తప్పిపోయిందని రాస్తే తమ మెడకే చుట్టుకుంటుందని వాళ్ళకీ తెలుసు. అనంతం అరుగు మీద కూచుని గట్టిగా చదివి వినిపించింది.

"మీ శునకము ఇచ్చట అత్యుత్తమ ప్రవర్తన కనబరచుచున్నది. వచ్చిన నాటి నుండి ఒక్కసారియు మొరగలేదు. ఎవరిని కరవలేదు. ఆహారమునకు ఆశపడలేదు. ఆవరణమును అపరిశుభ్రపరచలేదు. అది ఉన్నట్లే ఎవరికిని తెలియకుండుట చేత, ఆ ప్రవర్తననే జిల్లాలోని శునకములన్నిటికి ప్రమాణముగా నిర్ణయించడమైనది. దాని క్షేమమును గూర్చి మీరు ఆందోళన చెందవలదు."

సూరాయమ్మ కళ్ళొత్తుకుంది. కాళ్ళ దగ్గర సింగడు పడుకుని మోకాలికి వీపానించాడు.

"పాపం, అంత నోరులేనిదాన్ని పట్టుకుపోయారు. వేళకింత పెడుతున్నారో లేదో."

"నాయనమ్మా, ఇదిగో ఇక్కడే ఉన్నాడు కదే!"

"వీడి సంగతి కాదే నేననేది. ఆ రెండోదాని సంగతి. మనం కూడా ఓ ఉత్తరం ముక్క రాయకపోతే ఏం బావుంటుంది?"

అనంతం లోపలికెళ్ళి కాగితం, పెన్ను తెచ్చుకుంది. సూరాయమ్మ చెప్పింది చెప్పినట్టు, గుండ్రటి అక్షరాలతో రాసింది:

"ఇక్కడ కుక్క క్షేమం. అక్కడ కుక్క కూడా క్షేమమని తలుస్తాము."